రాతిని తీయు విద్య: అశ్మరీ శస్త్రచికిత్సా చరిత్రము

రాతిని పగులగొట్టి ముక్కలను పైకి తెచ్చుట మన కోలారు బంగారు గనుల వారికి క్రొత్త విద్య కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు ఇచ్చట పని ఆరంభించినది మొదలు 2001లో గనులు మూతపడు వరకు, నూటయిరువది సంవత్సరములు ఈ ఊరి అన్నము ఆ విద్యవలననే లభించినది. అయితే మనుష్యుని దేహములోనే పుట్టు రాతిని తీయు విద్య వేరొకటి కలదు. అది గనుల విద్యవలెనే ప్రాచీనము, దానికంటె సున్నితము. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషన్ వరకు చదివి, గుమాస్తాగిరిలో తల నెరసినవారము. అయినను మా తోటివారు ఎందరో ఈ రాతిబాధ పడుట కన్నులార చూచినవారము గనుక, ఆ విద్య నడచివచ్చిన దారిని తెలిసికొనవలెనను కోరిక మాకు చిరకాలమునుండి ఉన్నది. చదివియు, వైద్యులనడిగియు గ్రహించిన సంగతులను ఈ సంచికలో విన్నవించుచున్నాము.

ఈ వ్యాధి మన సీమకు ఇంత దగ్గర చుట్టమగుటకు కారణము వెదకనక్కరలేదు. కోలారు జిల్లాలో ఏడాది పొడవునను పారు నది లేదు. పాలారు ఉన్నది గాని, సంవత్సరములో పెక్కు నెలలు దానిని ఇసుకదారి యనుటయే ఒప్పును. పూర్వులు త్రవ్వించిన చెరువులు ఎండిన పిమ్మట బోరుబావులు వేయి అడుగులను దాటినవి. గనుల ఊరికి త్రాగునీరు బేతమంగళము చెరువునుండి గొట్టములలో రావలసివచ్చినది. ఇక భూగర్భము మాట. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. అచ్చటి శిల వేడి 60 సెంటిగ్రేడు డిగ్రీలను దాటును. యంత్రములతో చల్లని గాలిని పంపినను, షిఫ్టు ముగించి పైకి వచ్చిన మనుష్యుని చొక్కా పిండిన నీరు కారుచుండెడిది. అంత చెమట పోయినవాడు అంత నీరు త్రాగనిచో మూత్రము చిక్కబడును. ఉప్పుమడిలో ఎండకు నీరు ఇగిరి ఉప్పు పేరుకొనునట్లు, మూత్రపిండములో లవణములు స్ఫటికములై పేరుకొనును. నూటికి డెబ్బది ఎనుబది రాళ్ళు సున్నపు లవణములతో, ముఖ్యముగా కాల్షియం ఆక్సలేట్‌తో ఏర్పడునవే. తక్కినవి యూరిక్ ఆమ్లము మొదలగువానివలన పుట్టును.

మేము గుమాస్తాగా ఉన్న దినములలో వేసవి వచ్చినచో జబ్బు సెలవు కాగితములపై 'రీనల్ కాలిక్' అను రెండు మాటలు తరచుగా కనబడుచుండెడివి. మూడు కిలోమీటర్ల లోతున బండ విరిగిపడినను బెదరని మనుష్యుడు, మినపగింజంత రాయి మూత్రనాళములో చిక్కుకొన్నంతనే నేలపై పొర్లుట మేమెరుగుదుము. ఆ నొప్పి నడుము ప్రక్కన పుట్టి గజ్జలోనికి దిగును. కూర్చున్నను పండుకొన్నను శాంతి లేదు.

ఊరిలో కొందరు రాగిసంగటిని నిందింతురు, మరికొందరు టమాటాను నిందింతురు. మా అభిప్రాయములో ఈ రెండును నిరపరాధులు. రాగిలోని సున్నము ఆక్సలేట్‌ను ప్రేగులలోనే పట్టివేయును గాన అది మేలే చేయును. టమాటాలో ఆక్సలేట్ స్వల్పము. పాలకూరలో దానికంటె ఎన్నో రెట్లు అధికము. టమాటా మార్కెట్టుతో దేశమంతట పేరుపొందిన కోలారు, తన పంటను తానే అనుమానించుట చిత్రము. ఉలవకట్టు, అరటిదూట రసము, కొండపిండి ఆకు మన ఇండ్లలో వాడుకలో ఉన్న మందులు. కొండను పిండి చేయుననియే కాబోలు ఆ ఆకునకు ఆ పేరు. అయిదు మిల్లీమీటర్లకు లోబడిన రాయి చాలమట్టుకు తనంతట తానే బయటపడును గాన, ఈ మందులకు రావలసినదానికంటె ఎక్కువ కీర్తి వచ్చినదని మా తలంపు. సున్నపు రాతిని కరగించు మందు నేటివరకును లేదు. యూరిక్ ఆమ్లపు రాతిని మాత్రము క్షారగుణము గల మందులతో కరగింపవచ్చును. కరగనిది, కదలనిది ఉన్నప్పుడు శస్త్రవైద్యుడే దిక్కు.

ఈ శస్త్రవిద్యకు మన దేశమున ఆదిగురువు సుశ్రుతుడు. ఆయన సంహితలో నిదానస్థానమున ఒక అధ్యాయము, చికిత్సాస్థానమున ఒక అధ్యాయము అశ్మరికే కేటాయింపబడినవి. ఆయన చెప్పిన శస్త్రక్రమము చదివిన, నిన్నటి ఆసుపత్రి కాగితము చదివినట్లుండును. రోగికి ముందుగా స్నేహపానము, విరేచనము చేయింపవలెను. మోకాలి ఎత్తుగల పలకపై ధైర్యవంతుడు, బలశాలియైన మనుష్యుని కూర్చుండబెట్టి, అతని ఒడిలో రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. నడుము క్రింద గుడ్డల దిండు ఉంచి, మోకాళ్ళు మోచేతులు ముడిచి కట్టవలెను. నాభికి ఎడమప్రక్కను నూనెతో మర్దించి, పిడికిలితో క్రిందికి నొక్కి, రాయి దిగువకు వచ్చునట్లు చేయవలెను. తరువాత వైద్యుడు గోళ్ళు తీసికొని, నూనె రాచిన ఎడమచేతి రెండువ్రేళ్ళను గుదమార్గమున పోనిచ్చి, రాతిని గడ్డవలె పైకి ఉబుకునట్లు పట్టవలెను. అప్పుడు మధ్యనున్న కుట్టురేఖకు ఎడమప్రక్కను యవగింజంత ఎడము విడిచి, రాతి పరిమాణమునకు తగినంత మాత్రమే కోయవలెను. రాయి చితుకరాదు, చూర్ణము కారాదు. రవ్వంత మిగిలినను అది మరల పెరుగునని ఆయన హెచ్చరించెను. స్త్రీలకు గర్భాశయము మూత్రాశయమునకు ప్రక్కనే ఉండును గాన, వారి విషయమున కత్తి పోవలసిన దిక్కును వేరుగా చెప్పెను.

కోసినపిమ్మట చేయవలసిన పరిచర్య కూడ వివరముగానే ఉన్నది. రోగిని గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చుండబెట్టవలెను. లేనిచో మూత్రాశయము రక్తముతో నిండును. ఏడు దినములలో మూత్రము తన సహజమార్గమునకు రానిచో గాయమును అగ్నితో కాల్చవలెను. మానినతరువాత ఒక ఏడాది కొండలు చెట్లు ఎక్కరాదు, గుఱ్ఱము, ఏనుగు, రథము ఎక్కరాదు, ఈదరాదు. మన గనికార్మికునకు ఆ నియమము పెట్టినచో ఏమగునో చదువరులే ఊహింపగలరు.

వీటన్నిటికంటె మమ్ము ఆకర్షించినది వేరొక మాట. ఎంత నేర్పరికైనను ఈ శస్త్రము సంశయాస్పదమేననియు, చేయకున్న మృత్యువు నిశ్చయమనియు, కావున ప్రభువు అనుమతి పొంది మాత్రమే పూనుకొనవలెననియు సుశ్రుతుడు చెప్పెను. నేడు ఆసుపత్రులలో సంతకము పెట్టించుకొను అంగీకారపత్రమునకు ఇది పూర్వరూపము. తన విద్య హద్దును తానే చెప్పిన వైద్యుడు మాకు పూజ్యుడు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. సుశ్రుతుడు తీసినది మూత్రాశయములోని రాయి. మూత్రపిండము వీపుగోడకు ఆనుకొని, ప్రక్కటెముకల మరుగున ఉండును. గుండె పంపు రక్తములో అయిదవవంతు దాని గుండా పోవును. అక్కడికి కత్తి పోనిచ్చుట ఆ కాలమునకు అందని పని. అదిగాక, పూర్వము మూత్రాశయపు రాయియే బహుళము. ఒక్క ధాన్యముపైనే బ్రతుకు పేద పిల్లలకు అది ఎక్కువగా వచ్చుచుండెడిది. తిండి మెరుగుపడిన దేశములలో అది తగ్గి, మూత్రపిండపు రాయి హెచ్చినది.

పాశ్చాత్యదేశములలో హిప్పోక్రటీసు ప్రమాణము, రాతిని కోయు పనిని ఆ పనివారికే విడువుమని శిష్యులను కట్టడి చేసినది. ఆ పనివారిలో ఊరూరు తిరుగువారును ఉండిరి. లండనులో నావికాశాఖ ఉద్యోగియైన శామ్యూల్ పెప్పీసు 1658 మార్చి 26వ తేదీన మత్తుమందు లేకుండ ఈ శస్త్రమునకు లోబడి బ్రతికెను. తీసిన రాతిని పెట్టెలో భద్రపరచుకొని, ఏటేట ఆ దినమున మిత్రులకు విందు చేసెడివాడు. అతడును కలముపట్టి బ్రతికిన గుమాస్తావర్గమువాడే గనుక అతనిపై మాకు కొంత పక్షపాతము కలదు. పదునెనిమిదవ శతాబ్దిలో చెసెల్డెన్ అను వైద్యుడు ఒక్క నిమిషములో రాతిని తీయగలవాడని ప్రసిద్ధి. మత్తు లేని కాలమున వేగమే దయ.

కోయకుండ లోపలనే పొడిచేయవచ్చునను ఆలోచనకు మన దేశముతో సంబంధమున్న ఉదాహరణ ఒకటి కలదు. లక్నోలో స్థిరపడిన ఫ్రెంచి సైనికుడు క్లాడ్ మార్టిన్, 1782లో సన్నని ఉక్కుతీగకు ఆకురాయివలె గరుకుపెట్టి, దానిని తన మూత్రద్వారమున పోనిచ్చి, తన రాతిని తానే నెలల తరబడి అరగదీసికొనెను. తరువాత 1791-92 నాటి మైసూరు యుద్ధములో కారన్‌వాలిసు దొర వెంట మన సీమకును వచ్చెను. ఈ ఆలోచనను శాస్త్రముగా చేసినవాడు పారిసులో సివియాల్. 1824లో అతడు పరికరముతో మూత్రాశయములోని రాతిని పట్టి తొలిచి పొడిచేసెను. 1878లో అమెరికాలో బిగెలో, పొడిచేసిన ముక్కలను అదే సమయమున నీటితో పీల్చి తీయు పద్ధతిని ప్రకటించెను. పిల్లలకు ఈ పద్ధతి పనికిరాదని అందరును అనుకొనుచుండగా, ఇందూరు ఆసుపత్రిలో కీగన్ 1880 దశకమున బాలురకును చేసి చూపెను. ఈ విషయమున పశ్చిమదేశములకు పాఠము మన దేశపు ఆసుపత్రులనుండి పోయినది.

మత్తుమందు చరిత్రలో తెలుగునాటికి కూడ ఒక పుట కలదు. హైదరాబాదు వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డు లారీ పూనికతో 1888లో ఒకటియు, నిజాము ద్రవ్యసహాయముతో 1889లో రెండవదియు క్లోరోఫారం కమిషన్లు నడచినవి. లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనెను. క్లోరోఫారం వలన ముందు ఊపిరి ఆగును గాని గుండె కాదు; కాబట్టి ఊపిరినే కనిపెట్టి యుండవలెనని వారు తేల్చిరి. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు గుండెకును నేరుగా ప్రమాదము కలదని నిరూపించి ఆ నిర్ణయమును త్రోసివేసెను. సిద్ధాంతము నిలువలేదు. అయినను మత్తులో ఉన్నవాని ఊపిరిని క్షణక్షణము కనిపెట్టవలెనను నియమమున తప్పు లేదు.

మత్తును, లిస్టరు నేర్పిన క్రిమినాశక పద్ధతియు చేతికి వచ్చిన పిమ్మటనే మూత్రపిండమునకు శస్త్రము పోగలిగినది. 1869లో హైడెల్‌బర్గులో గుస్టావ్ సైమన్, ముందుగా కుక్కలపై పరీక్షించి, ఒక స్త్రీకి మూత్రపిండమును తొలగించెను. రెండవ మూత్రపిండముతో ఆమె బ్రతికినది. 1880లో లండనులో హెన్రీ మారిస్, చెడని మూత్రపిండమును నిలిపి అందులోని రాతిని మాత్రము తీసెను. జాన్ టేలర్ వారు మన నేలలో అడుగుపెట్టినదియు ఆ సంవత్సరమే. కాకతాళీయమే గాని గుర్తుంచుకొనుటకు అనుకూలము.

అంతవరకు వైద్యుడు గుడ్డిగా త్రవ్వెడివాడు. గనిలో సర్వేయరు లేక సొరంగము పెట్టినట్లే అనుకొనవచ్చును. 1895లో రాంట్‌గెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. 1896లోనే గ్లాస్గోలో మాకింటైర్ మూత్రపిండములోని రాతి ఛాయను పట్టెను. 1929లో రక్తనాళములో మందు ఎక్కించి మూత్రమార్గమంతటిని చిత్రములో చూచు పద్ధతి వచ్చినది. ఇక వైద్యునికి పటము దొరకినది.

ఆ తరువాత అర్ధశతాబ్దికి పైగా నడచినది పెద్దకోత. ప్రక్క పండుకొనబెట్టి, చివరి ప్రక్కటెముక దిగువను జానెడు కోసి, కండరముల పొరలు విడదీసి, ఒక్కొక్కసారి ఎముక ముక్కను తీసి, మూత్రపిండమును చేరుదురు. రాయి మూత్రపిండపు గరాటులో ఉన్నచో ఆ గరాటును కోసి తీయుదురు; మూత్రనాళములో ఉన్నచో నాళమును రాతిపైననే నిలువుగా చీల్చి తీసి, కుట్లు వేయుదురు. జింకకొమ్మువలె శాఖలుగా పెరిగిన రాయి అన్నిటికంటె కఠినము. మూత్రపిండములో ముందుభాగపు రక్తనాళములకును వెనుకభాగపువానికిని నడుమ రక్తము తక్కువగు రేఖ యొకటి కలదు. దానిని గుర్తెరిగి కోయు పద్ధతిని 1968లో అమెరికాలో స్మిత్, బోయిస్ ప్రకటించిరి. శిల పొర చూచి ఉలి పెట్టు మన పనివారి తెలివి వంటిదే ఇది.

ఈ పెద్దకోత ఎందరినో బ్రతికించినది. దానిని చులకన చేయుట కృతఘ్నత. కాని దాని వెల కూలివాడు చెల్లింపవలసినది. ఆసుపత్రిలో పది పదునైదు దినములు, బరువుపని మానుట నెలల తరబడి. రాయి మరల పుట్టు స్వభావము కలది. రెండవసారి మచ్చ కట్టిన చోటనే కోయుట మరింత కష్టము. అందువలన ఎందరో భయపడి వాయిదా వేసెడివారు. నొప్పి తగ్గినచో రోగము పోయినదని అనుకొనెడివారు. అడ్డుపడిన రాయి నొప్పి లేకుండనే నెలలలో మూత్రపిండమును చంపగలదు. మాకు తెలిసిన యొక టింబరుపనివాడు రెండేండ్లు ఉలవకట్టుతో గడపి, తుదకు వేలూరు పోయినప్పుడు వైద్యులు రాతితోపాటు మూత్రపిండమును కూడ తీసివేయవలసివచ్చినది. మన ఊరివారికి వేలూరు ఆసుపత్రి రైలుకు దగ్గరగు పెద్దదిక్కు. ఐడా స్కడర్ దొరసాని 1900లో ఆరంభించిన ఆ సంస్థలో మూత్రవ్యాధుల శస్త్రశాఖకు పేరు తెచ్చినవారు డాక్టర్ హెచ్. ఎస్. భట్ గారు.

కోత చిన్నదగుటకు దారి మూడు వైపులనుండి వచ్చినది. మొదటిది సహజమార్గము. 1958లో ఇటలీ దేశీయుడు డోర్మియా, మడిచి పోనిచ్చినచో లోపల విచ్చుకొని రాతిని చిక్కించుకొను తీగబుట్టను చేసెను. 1912లో అమెరికా వైద్యుడు యంగ్ ఒక బాలుని వెడల్పైన మూత్రనాళములోనికి దర్శినిని పోనిచ్చియుండెను. 1980లో స్పెయినులో పెరెజ్-కాస్ట్రో ఆ పనికి తగిన పొడవైన దర్శినిని సిద్ధము చేయించెను. 1990 దశకమున హోల్మియం లేసరు తోడైనది. వెంట్రుకవంటి గాజునారగుండా వచ్చు ఆ కాంతి రాతిని ఇసుక చేయును. వంగు దర్శినితో నేడు మూత్రపిండపు మూలమూలకును పోవచ్చును.

రెండవది మనకు మిక్కిలి తెలిసిన పద్ధతి, షాఫ్టు వేయుట. 1976లో స్వీడనులో ఫెర్న్‌స్ట్రోం, యోహాన్సన్ అనువారు వీపునుండి మూత్రపిండమువరకు సూదిదారి చేసి, దానిని క్రమముగా వెడల్పుచేసి, ఆ దారినే రాతిని తీసిరి. కోత వ్రేలిమందము. పెద్దరాతిని లోపల పగులగొట్టుటకు 1990ల ఆరంభమున స్విట్జర్లండులో ఒక పరికరము వచ్చినది. అది గాలి ఒత్తిడితో కొట్టును. గనిలో కంప్రెసర్ గాలితో కొట్టు జాక్‌హామర్ ధర్మమే దానిదియు. దీనిని వినినప్పుడు ఒక పాత డ్రిల్లరు నవ్వి, 'ఇది మా పనియే గదా' అనెను. షాఫ్టు, డ్రిల్లింగు, ముక్కలు పైకెత్తుట, అన్నియు ఉన్నవి. మందుపాతర ఒక్కటియే తక్కువ.

ఆ తక్కువయు మూడవది తీర్చినది. శబ్దమునకు మించిన వేగముతో పోవు విమానమును వానచినుకు తాకినప్పుడు పుట్టు అఘాతతరంగములను జర్మనీలో డోర్నియర్ విమాన కంపెనీ పరిశీలించినది. ఆ తరంగములను బయట పుట్టించి, నీటిగుండా పోనిచ్చి, రాతిపై ఒక్కబిందువున కేంద్రీకరించినచో మెత్తని కండ నిలిచి కఠినమైన రాయి పగులును. 1980 ఫిబ్రవరి 7వ తేదీన మ్యూనిచ్ నగరమున షౌస్సీ బృందము తొలి రోగికి ఈ చికిత్స చేసినది. ఆ దినములలో రోగిని నీటితొట్టిలో ఉంచెడివారు. సుశ్రుతుని నీటితొట్టి గాయము తరువాతది. ఇది గాయమే లేనిది. నేటి యంత్రములకు తొట్టి అక్కరలేదు. చిన్నరాళ్ళకు ఇది బాగుగా పనిచేయును. మిక్కిలి గట్టి రాళ్ళకును, పెద్దవానికిని తక్కిన రెండు దారులే మేలు. అఘాతతరంగమన్నచో మన ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. లోతుగనులలో శిల తానే ప్రేలినప్పుడు పైన ఇండ్లలో గిన్నెలు గలగలలాడుట అందరెరిగినదే.

చికిత్స సులభమగుటతో ఒక క్రొత్త అజాగ్రత్త పుట్టినది. దర్శినితో రాయి తీసినపిమ్మట మూత్రనాళము వాపుతో మూసికొనకుండుటకు, రెండు కొనలు వంకరగా ఉండు సన్నని గొట్టమును లోపల ఉంచుదురు. దీనిని మనవారు 'డీజే స్టెంటు' అందురు. ఇది 1978లో వెలువడిన సాధనము. కొన్ని వారములలో, ఆలస్యమైనను కొన్ని నెలలలో దీనిని తీయించుకొనవలెను. నొప్పి లేదు, కోత లేదు, పనికి పోవచ్చును, అందుచేత మరచిపోవువారున్నారు. మరచిన గొట్టముపై లవణములు పేరుకొని అదియే క్రొత్త రాయి యగును. దానిని తీయుటకు మరల పెద్ద శస్త్రము. పెద్దకోత కాలమున మచ్చ తానే జ్ఞాపకము చేసెడిది. ఇప్పుడు ఆ పని డిశ్చార్జి కాగితము చేయవలెను. ఆ కాగితమున తేదీ ఏ మూలనో ఇంగ్లీషులో ఉండును. తెలుగునను, కన్నడమునను, తమిళమునను పెద్ద అక్షరములతో వ్రాసి ఇచ్చినచో ఎంతటి మేలు! కాగితములతో బ్రతికినవారము గనుక ఈ మాట చెప్పుటకు మాకు కొంత అధికారము కలదని తలంతుము.

నేడు కోలారు జిల్లాలో రోగికి దిక్కు లేకపోలేదు. కోలారులో 1910 నాటి మెథడిస్టు మిషను ఆసుపత్రి యున్నది. నరసింహరాజ జిల్లా ఆసుపత్రి యున్నది. టమకలో 1986లో నెలకొన్న దేవరాజ అరసు వైద్యకళాశాల ఆసుపత్రి యున్నది. గనుల ఆసుపత్రి మాత్రము గనులతోపాటే పూర్వస్థితిని కోల్పోయినది. దాని వరండాలలో ఉచితముగా మందు పుచ్చుకొనినవారి బిడ్డలు నేడు మారికుప్పమునుండి తెల్లవారుజామున బయలుదేరు రైలులో బెంగుళూరునకు పనికి పోవుచున్నారు. 1894లో బంగారము కొరకు వేసిన మార్గమది. ఆ రైలులో నిలుచుండి పోవు యువకులు, మూత్రమునకు పోవు వీలు లేక దారి పొడవునను నీరు త్రాగరు. వారి నడుమ, ఎక్స్‌రే కవరును ఛాతీకి ఆనించుకొని కిటికీప్రక్క కూర్చున్నవారు ఒకరిద్దరైనను ప్రతిదినము కనబడుదురు.